నీళ్లలోకి దిగే ముందే, ఒడ్డు మీదే

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ప్రిన్సిపాల్ గారు చదివేశారు కాబట్టి మళ్లీ చదివి మీ సమయం తినను. విహారయాత్రల్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పడానికి వచ్చాను, ఇరవై నిమిషాలు కొండలకీ, ఇరవై నిమిషాలు నీళ్లకీ అని కాగితం మీద రాసుకొచ్చాను. సెప్టెంబర్ 27, పర్యాటక దినోత్సవం. కానీ గోదావరి ఒడ్డున నిలబడి ఈ రోజు గురించి మాట్లాడేవాళ్లెవరికైనా పన్నెండు రోజుల వెనకటి తేదీ గుర్తు రాకుండా ఉండదు. అక్కడికి వస్తాను. ముందు కొండలు.

మారేడుమిల్లి అయినా, తలకోన అయినా, సాయంత్రం నాలుగింటికల్లా కొండ దిగిపోయి ఉండాలి. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుని, మిగిలిన వెలుగులో దిగగలమా అని లెక్కేసుకోండి. శిఖరం ఇంకో అరగంటే అని ఆశపడి వెళ్లినవాళ్లే అడవిలో చిక్కుకుంటారు. రోజంతా నడకైతే మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. వంజంగి మేఘాల కోసం తెల్లవారుజామున చీకట్లో ఎక్కుతారు కదా, టార్చి చేతిలో కాదు, తలకి కట్టుకునేది కొనుక్కోండి. జారినప్పుడు పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కొండచరియకు తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొగ వద్దు, సెంటు వద్దు, కేకలు వద్దు. పాము కరిస్తే బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తాడు పట్టి రాయి ఎక్కడం నేర్చుకోవాలనుంటే భువనగిరి గుట్ట ఉంది. ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అక్కడే మొదలుపెట్టారు. 2014 మే 25న పూర్ణ ఎవరెస్ట్ మీద నిలబడేటప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్లు. ముడి ఎలా వేయాలి, బకిల్ ఎలా సరిచూసుకోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అని ఒక్కొక్క మెట్టూ నేర్పించి పంపారు.

సరిగ్గా రెండు వారాలకి, జూన్ 8న, హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా తలౌట్ దగ్గర బస్సు దిగి, ఫొటోల కోసం బియాస్ నదిలో రాళ్ల మీదికి వెళ్లారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట గేట్లు తెరుచుకున్నాయి. కింద ఉన్నవాళ్లకి సరైన హెచ్చరిక అందలేదు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

కొండల గురించి ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. పక్కన పెట్టేస్తున్నాను, క్షమించండి. మీ వయసు పిల్లలు 24 మంది, అమ్మా! ఆ రాళ్ల మీద ఏం చూడాలో, ఎప్పుడు లేవాలో వాళ్లకి ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. మీకైతే నేను చెప్పకుండా పంపను.

వాన లేదు కదా, ఎండ కాస్తోంది కదా అని నదిలోకి దిగకండి. పైన విద్యుత్ కేంద్రం ఉంటే, కరెంటు తయారీ పెరిగినప్పుడల్లా దిగువకి నీళ్లు వస్తాయి. దానికి వానతో పని లేదు. మన సీలేరు కింద కూడా అంతే. కాబట్టి దిగే ముందు ఆ ఊరివాళ్లని అడగండి: పైన డ్యామ్ ఉందా, సైరన్ మోగుతుందా, నీళ్లు ఎప్పుడు వదులుతారు? నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. కొంచెం సేపట్లోనే అది రెండు వేళ్లు మునిగిందంటే సెల్ఫీలు, చెప్పులు, సంచులు అన్నీ వదిలేసి పైకి వచ్చేయండి. వాగుల్లో, జలపాతాల కింద ఇంకో మూడు గుర్తులుంటాయి. తేట నీరు ఉన్నట్టుండి ఎర్రబారుతుంది. ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. నీటి హోరు మారుతుంది. ఒక్కటి కనిపించినా చాలు, ఆగొద్దు. ఒకరిని విజిల్ ఇచ్చి ఎగువన నిలబెట్టండి. నది మధ్య రాయి మీదికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. నీళ్లు పెరిగితే ముందు మునిగేది మీరు తిరిగి రావాల్సిన దారే.

మోకాలి లోతేగా అంటారు. ప్రవాహం వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కొట్టుకుపోతే నిలబడాలని చూడకండి. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకి చాచి, చేతులతో ఒడ్డు వైపు ఈదండి.

ఇక కచ్చులూరు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి వెళ్తున్న బోటు అక్కడ మునిగిపోయింది. గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద. 70 మందికి పైగా ఎక్కితే 26 మంది బతికారు. ఒడ్డునున్న ఊరివాళ్లు పడవలేసుకుని వెళ్లి లాగారు. 200 అడుగులకు పైగా లోతు నుంచి ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును పైకి తెచ్చేసరికి అక్టోబర్ 22 అయింది. అంత వరదలో విహారానికి వెళ్లకపోవడమే మొదటి జాగ్రత్త. ఎవరు అనుమతిచ్చినా, టికెట్ డబ్బులు పోయినా సరే, ఎక్కకండి.

ఈ బల్ల మీదున్న లైఫ్ జాకెట్ చూడండి. గుడ్డ ఎండకి వెలిసిపోయింది, పాడైందనడానికి అదొక గుర్తు. భుజం దగ్గర కుట్టులో నా వేలు దూరుతోంది. లోపలి ఫోమ్‌ని రెండు వేళ్లతో నొక్కి వదిలితే వెంటనే పొంగాలి. ఇది గుంటపడి అలాగే ఉండిపోయింది, అంటే తేల్చే శక్తి తగ్గిపోయింది. ఇలాంటిది ఇస్తే వేరేది అడగండి, మొహమాటపడకండి. మనిషి తల నీటిపైన ఉండడానికి కావాల్సింది నాలుగైదు కిలోల తేల్చే బలమే, మంచి జాకెట్ అంతకి రెట్టింపు ఇస్తుంది. కానీ బకిల్ పెట్టకపోతే అది తల మీదుగా ఊడి వెళ్లిపోతుంది. కింది పట్టీ నుంచి పైకి బిగించుకుంటూ రండి. తర్వాత పక్కవాళ్లని రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే మళ్లీ బిగించాలి. పిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. ఇంకొకటి, జాకెట్ వేసుకుని మూసి ఉన్న గదిలో కూర్చోకండి. బోటు మునిగితే అదే జాకెట్ మిమ్మల్ని పైకప్పుకి అదిమేస్తుంది, కిందికి మునిగి తలుపు దాకా పోలేరు. ఆరుబయట కూర్చోండి.

ఇప్పుడు నా అసలు బాధ. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకరు, ఆ ఇద్దరి కోసం మూడోవాళ్లు. పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? తమ్ముళ్లూ, మీకు ఈత వచ్చు, ఒప్పుకుంటాను. మునిగేవాడు స్నేహితుణ్ణి గుర్తుపట్టడు, మెడ మీదికెక్కుతాడు. దూకొద్దు! కర్ర అందించండి, చీర విసరండి, ఏదీ లేకపోతే తేలేది ఏదైనా విసరండి. ఖాళీ 20 లీటర్ల వాటర్ డబ్బా మూత బిగిస్తే పెద్ద మనిషిని తేలుస్తుంది. గాలికి పోకుండా, బాగా విసరడానికి లోపల అర లీటరు నీళ్లుంచి, పిడికి 15 మీటర్ల నైలాన్ తాడు కట్టండి. రెండో కొసని మణికట్టుకి చుట్టుకోకండి, చేత్తోనే పట్టుకోండి. నేల మీద కూర్చుని, మడమలు తన్నిపెట్టి లాగండి.

పైకి తీశాక గిరగిరా తిప్పడం, బోర్లేసి పొట్ట నొక్కడం చేయకండి. విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ముందు ఐదుసార్లు నోట్లోకి ఊదండి. తర్వాత రొమ్ము మధ్యలో 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఆపొద్దు.

కూర్చుని వింటే ఇది చేతికి రాదు. గ్రౌండ్‌లో సున్నంతో గీత గీయించాను, పది మీటర్ల అవతల ఒక కుర్చీ పెట్టించాను. గీత దగ్గర కూర్చుని, డబ్బా కుర్చీకి తగలకుండా, తాడు మాత్రం దాని మీద పడేలా విసరాలి. మొదటిసారి ఎవరికీ పడదు, పడేదాకా విసరండి. డబ్బాలు నాలుగే ఉన్నాయి కాబట్టి నలుగురేసి. ఆఖరి వరసవాళ్లు ముందు రండి.