జెఫ్ డన్‌హమ్ షో రివ్యూ: వాల్టర్ కోసం చూడండి, అక్మెడ్ సంగతి తర్వాత

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ షో చూడటానికి సబ్‌స్క్రిప్షన్ స్పాన్సర్ వాళ్లు ఫ్రీగా ఇచ్చారు. ఏం చెప్పాలో మాత్రం రాసివ్వలేదు. ఇచ్చినా చదివేవాణ్ని కాదు లెండి. పక్కన పిల్లలుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఇది పెద్దల కామెడీ.

జెఫ్ డన్‌హమ్ అమెరికన్ వెంట్రిలాక్విస్ట్, అంటే తన పెదవులు కదపకుండా మాట్లాడి, చేతిలో బొమ్మే మాట్లాడుతున్నట్టు చేసేవాడు. 1962లో డాలస్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు క్రిస్మస్‌కి ఇచ్చిన బొమ్మతో మొదలుపెట్టి, 1990లో అమెరికా టీవీలో పేరున్న జానీ కార్సన్ షోకి ఎక్కాడు. మిగతాది మీరెక్కడైనా చదువుకోవచ్చు. నేను చూసింది 2007 నాటి స్పార్క్ ఆఫ్ ఇన్సానిటీ, వాషింగ్టన్‌లోని వార్నర్ థియేటర్లో తీసింది.

వెంట్రిలాక్విస్ట్ అనగానే అందరం పెదవులే చూస్తాం. నేనైతే పాజ్ చేసి మరీ చూశా. మీరూ పళ్లు కాస్త ఎడంగా పెట్టి, పెదవులు కదపకుండా క, గ, న అనండి. హాయిగా వచ్చేస్తాయి. ఇప్పుడు బాబాయ్ అనండి. దాదాయ్ అయిపోయిందా? ప, బ, మ పెదవులు కలిస్తే తప్ప పలకవు. అందుకే వీళ్లు ప బదులు త లాంటిది, బ బదులు ద లాంటిది, మ బదులు న లాంటిది నాలుకతో లాగించేస్తారు. మన కళ్లు బొమ్మ నోటి మీద ఉంటాయి కాబట్టి చెవి సర్దుకుపోతుంది. డన్‌హమ్ ఇందులో గట్టివాడే. అయినా నన్ను కట్టిపడేసింది అది కాదు.

వాల్టర్ అనే ముసలాయన బొమ్మ ఉంది. చేతులు కట్టుకుని, మొహం ముడుచుకుని కూర్చుంటాడు. ఏదైనా అడిగితే వెంటనే జవాబివ్వడు. మెల్లిగా తల తిప్పి డన్‌హమ్ వైపు చూస్తాడు, మళ్లీ జనం వైపు చూస్తాడు. ఇంకా ఒక్క మాటా లేదు, హాలంతా నవ్వుతోంది! అప్పుడు డన్‌హమ్ మొహం చూడండి. రాబోయే మాట తనదే కదా, అయినా చుట్టాల ముందు తాతయ్య ఏం నోరు జారతాడోనని టెన్షన్ పడే మనవడిలా ఉంటాడు. ఆ బూతు జోకు తన సొంత నోటితో చెబితే సగం మంది మొహం చిట్లిస్తారు. వాల్టర్ అంటే మాత్రం, పాపం డన్‌హమ్ అనుకుంటూ నవ్వుతాం. 2006లో వచ్చిన షోలో కూడా నేను వెనక్కి జరిపి మళ్లీ చూసుకున్నది వాల్టర్‌నే.

ఇక అక్మెడ్. చచ్చిపోయిన టెర్రరిస్టు అస్థిపంజరం. యూట్యూబ్‌లో అందరికీ తెలిసింది వీడే. ఆ గుడ్లు తిప్పడం, ఆ బొమ్మ పనితనం బాగున్నాయి, కాదనను. కానీ యాస మీద జోకు, పేరు మీద జోకు, మళ్లీ అదే అరుపు. ఎంతసేపండీ? 2008లో దక్షిణాఫ్రికాలో వీడితో తీసిన ఒక రింగ్‌టోన్ యాడ్‌ని, ముస్లింలను కించపరిచేలా ఉందని ఫిర్యాదు రావడంతో ఆపేశారు. నాకైతే అసలు ఇబ్బంది బద్ధకం. వాల్టర్‌ చేత అంత మౌనం పలికించినవాడు ఇక్కడ అరుపులతో సరిపెట్టేశాడు.

పీనట్ అనే ఇంకో బొమ్మ అల్లరి బాగుంది, కాస్త సాగింది.

చూడొచ్చా అంటే, వాల్టర్ ఒక్కడి కోసమైనా చూడొచ్చు. మొదటే వస్తాడు, వెతుక్కోనక్కర్లేదు. వెంటనే అక్మెడ్ వస్తాడు, అక్కడ మీ ఇష్టం. నేనైతే ముందుకి జరిపేశా.