ఆదివారం బడి, సోమవారం బడి

సభాధ్యక్షులు పాస్టరు గారికి, అమ్మగారికి, బడి కరస్పాండెంట్ గారికి, సండే స్కూల్ టీచర్లకు వందనాలు.

వీబీఎస్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి, మొదలయ్యే ముందు టీచర్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. పాటలు, అభినయాలు నేర్పడానికి నాకంటే చురుకైన పిల్లలు ఇక్కడే ఉన్నారు. నేను లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. కాబట్టి బడి గురించే మాట్లాడతాను.

మా పల్లెలో మందిరమూ బడీ ఒకటే తాటాకు పాక. ఆరు రోజులు బడి, ఏడో రోజు మందిరం. పంతులు గారూ ఒక్కరే. సోమవారం బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పించిన మనిషే ఆదివారం ఉతికిన పంచె కట్టుకుని ప్రసంగం చేసేవారు. నల్లబల్లకు రెండు వైపులా రంగు వేయించారు. ఒక వైపు లెక్కలు, రెండో వైపు ఆ వారం కంఠత వాక్యం. శనివారం సాయంత్రం పేడతో అలికి, బల్ల తిప్పితే బడి కాస్తా మందిరమయ్యేది. ఒక వారం తిప్పడం మరిచిపోయారు. రాత్రి బడిలో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న మా మేనత్త, బల్ల మీద ఉన్నది వాక్యమే అనుకుని, "పదమూడార్లు డెబ్బై ఎనిమిది" అని పైకి చదివి, "ఆమెన్" అంది. పంతులు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. కానీ ఆమె చదివింది, చూశారా! అదీ తప్పు లేకుండా చదివింది.

ఆ పాక సంగతి ఎందుకు ఎత్తానంటే, బైబిలు చదువు వేరు, బతుకుతెరువు చదువు వేరు అని మనం ఇప్పుడు గీసుకున్న గీత ఆ రోజుల్లో లేదు. సండే స్కూలు పుట్టుక కూడా అలాంటిదే. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టినప్పుడు, అది ముందు అక్షరాల బడి. వారమంతా కూలికి పోయే పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ. చదవడం రాని పిల్లవాడి చేతికి బైబిలు ఇచ్చి లాభమేమిటి?

మన ప్రాంతానికి వస్తాను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో దొర 1866లో ఒంగోలు చేరారు. మొదట్లో ఆయన బడికి వచ్చింది ఎక్కువగా బ్రాహ్మణుల పిల్లలు. ఇంగ్లీషు నేర్చుకుంటే కచేరీలో ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రుల ఆశ. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు వైపు నుంచి మాదిగలను ప్రభువు దగ్గరకు తీసుకురావడం మొదలుపెట్టారు. పేరయ్య చదువుకున్నవాడు కాదు, తోళ్ల వ్యాపారి. ఊళ్లు తిరగడం ఆయన వృత్తి. ఆ తిరుగుడులోనే సువార్త కూడా తిరిగింది. ఊరి పెద్దలు వచ్చి దొరతో తేల్చి చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు.

మీరే ఆలోచించండి. బడి నడుస్తోంది, పట్టణంలో మంచి పేరు వస్తోంది. దొరకు ఎటూ పాలుపోలేదు. ఆ రోజు ఆయన ఒక గదిలో, భార్య హ్యారియెట్ ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట: మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక, మొదటి అధ్యాయం, 26వ వచనం నుంచి. లోకం నీచులని తోసేసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే మాటలు. నిర్ణయం అయిపోయింది, పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయారు, ఆ బడి మూతబడింది. తొలిసారి చదివినప్పుడు ఈ కథ కొంచెం నున్నగా ఉందనిపించింది నాకు. కానీ బడి పోయిన మాట నిజం, దాన్ని పోనిచ్చిన మాట కూడా నిజం.

ఇదే కాలంలో మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ దొర బడి ఉంది, 1843లో పెట్టింది. ఆయన దారి వేరు: పైవాళ్లకు చదువు చెబితే వెలుగు కిందికి ప్రవహిస్తుందని నమ్మి, పై కులాల పిల్లలనే చేర్చుకున్నారు. గొప్ప బడి, గొప్ప విద్యార్థులు. వెలుగు మాత్రం కిందికి చాలా నెమ్మదిగా వచ్చింది. ఈ రెండు బడుల్లో మనం ఎవరి వారసులమన్నది నేను ఈ రోజు అడగదలుచుకున్న ప్రశ్న.

తర్వాత 1876-78 కరువు. క్లో దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. తవ్వే చేతులకు కూలి, మధ్యాహ్నం చెట్టు కింద వాక్యం. వాన పడి కరువు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మర్నాడు ఏమైందో ఎవరూ చెప్పరు. అన్ని వేల మందిలో చదువు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లకు పాట ఎవరు నేర్పాలి, ప్రార్థన ఎవరు నేర్పాలి, ఉత్తరం ఎవరు చదివిపెట్టాలి, వడ్డీ లెక్క ఎవరు సరిచూడాలి? బోధకులను తయారుచేసే రామాయపట్నం సెమినరీ 1872లోనే తెరిచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ సంఘాలు ఒక్క తరం కూడా నిలిచేవి కావు.

దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు ఈ చిక్కును చక్కగా విప్పారు. తమిళదేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న ఆయన 1912 నుంచి 1945లో కన్నుమూసేదాకా అక్కడ బిషప్పు. పల్లెకు పంపే ఉపదేశిని ఒంటరిగా పంపకుండా భార్యాభర్తలను జంటగా తయారుచేయించారు. భర్త పగలు బడి, సాయంత్రం ప్రార్థన నడిపితే, భార్య ఆడవాళ్లకు అక్షరాలు, శుభ్రత నేర్పేది. వాళ్ల జీతంలో సంఘం వాటా ఎక్కడి నుంచి వచ్చింది? పిడికెడు బియ్యం నుంచి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవారు. అది కూలి చేసుకునే ఇల్లాలు కట్టిన స్కూలు ఫీజు.

సర్కారు డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1854లో వుడ్ డిస్పాచ్ అనే విద్యా ఉత్తర్వుతో గ్రాంటు వచ్చింది. ఇన్‌స్పెక్టరు లెక్కలూ చదువూ చూస్తారు, మతబోధ జోలికి పోరు అన్నది షరతు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 30వ అధికరణం మనకు బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది. గుర్తింపు గానీ గ్రాంటు గానీ ఉన్న బడిలో సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణం చెప్పింది. అందుకే మొదటి పీరియడులో మన పిల్లలకు బైబిలు, మిగతావారికి నీతిబోధ. న్యాయమైన ఏర్పాటు, నాకు పేచీ లేదు.

నా పేచీ వేరే చోట ఉంది. పోయిన ఆదివారం మన సండే స్కూల్లో అడిగాను: "మన సంఘం ఇంగ్లీషు మీడియం బడిలో చదివేవాళ్లు చేతులెత్తండి." మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి పాస్టరు గారి అబ్బాయిది. అయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మిగిలిన పిల్లలు సర్కారు బడికో, సందు చివరి చవక ప్రైవేటు బడికో వెళ్తున్నారు. పొలం పనికి పోయే మన సభ్యురాలు మన బడి ఫీజు కట్టలేదు. విద్యాహక్కు చట్టం కింద పేదలకు ఇచ్చే నాలుగో వంతు సీట్లు మన బడికి వర్తించవు, మైనారిటీ బడులకు మినహాయింపు ఉందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మన పిల్లల కోసం వచ్చిన హక్కు మన పిల్లలకే తలుపు మూసింది. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ దళితులు ఎస్సీలు కారు, వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే దిక్కు. 2021లో ఎయిడెడ్ బడులను, అంటే సర్కారు గ్రాంటుతో నడిచే ప్రైవేటు బడులను, ప్రభుత్వం తీసుకుంటుందన్నప్పుడు మనమంతా బాధపడ్డాం. అది కచ్చితంగా బాధపడాల్సిన విషయమే. ఆ తర్వాత ఈ లెక్క మాత్రం ఎవరం చూసుకోలేదు.

టీచర్లతో ఒక మాట. నిరుడు ఒక పాప ఇరవై మూడో కీర్తన గడగడా అప్పజెప్పి బహుమతి తీసుకుంది. అదే పేజీ తెరిచి వేలు పెట్టి చదవమంటే తల దించుకుంది. అయిదో తరగతి పాప. కంఠత పెట్టించడంలో తప్పు లేదు, నేనూ అలా నేర్చినవాణ్నే. ఈ పది రోజుల్లో రోజుకు అరగంట, పాటలు తగ్గించైనా సరే, ప్రతి పిల్లవాడి చేత బైబిల్లో నాలుగు వరుసలు పైకి చదివించండి. తడబడేవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి. సెలవులు అయ్యాక సాయంత్రాలు వాళ్లకు నేనే చెబుతాను. మందిరం తాళం చెవి ఇస్తే చాలు.

కరస్పాండెంట్ గారూ, తరగతికి అయిదు సీట్లు సంఘం పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలని, పిడికెడు బియ్యం అమ్మగా వచ్చే డబ్బు వాళ్ల పుస్తకాలకు, యూనిఫారాలకు పోవాలని నా కోరిక. వచ్చే నెల కమిటీ ఎజెండాలో మూడో అంశంగా రాయించాను. రెండో అంశం ప్రహరీగోడకు రంగులు. దాని తర్వాత టీ తాగి అందరూ లేచిపోకుండా కూర్చోవాలని మనవి. వందనాలు.