గవర్నర్ కింద పనిచేయని ప్రభుత్వ లాయరు: అమెరికా రాష్ట్రాల అటార్నీ జనరల్

అందరికీ నమస్కారం.

2025 జనవరి 20. అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో, ముఖ్యంగా నెలలు నిండుతున్న ఆడపిల్లలున్న ఇళ్లల్లో, ఆ రాత్రి ఒకటే గుబులు. తల్లి టెంపరరీ వీసా మీద ఉండి, తండ్రికి గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో లేకపోతే, నెల రోజుల తర్వాత పుట్టే బిడ్డకు అమెరికా పౌరసత్వం ఇవ్వబోమని అధ్యక్షుడు ట్రంప్ ఆర్డర్ మీద సంతకం పెట్టారు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ హెచ్-1బి కుటుంబాలకూ ఇదే రూలు. ఫిబ్రవరి 19కి ముందా, వెనకా? డెలివరీ డేటు పట్టుకుని వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు.

మర్నాడే రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. బోస్టన్‌లో 18 రాష్ట్రాలు కలిసి ఒక కేసు, సియాటిల్‌లో మరో 4 రాష్ట్రాలు కలిసి ఇంకో కేసు. జనవరి 23న సియాటిల్ ఫెడరల్ జడ్జి ఆ ఆర్డర్‌ను తాత్కాలికంగా ఆపేశారు. ఆ పోరాటం తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, దాని కథ పెద్దది. ఇవాళ నేను మాట్లాడేది ఆ కేసులు వేసినవాళ్ల గురించి. ఆ రాష్ట్రాల అటార్నీ జనరల్స్.

అక్కడ కూడా ఏజీ అనే అంటారు. ఆ మాట వినగానే మనకు హైకోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అడ్వకేట్ జనరల్ గుర్తొస్తారు. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం ఆయన్ను గవర్నర్ నియమిస్తారు. గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే ఆ పదవి. అంటే నడిచేది ప్రభుత్వం మాటే. ముఖ్యమంత్రి మారితే ఏజీ కూడా మారడం మనం చూస్తూనే ఉన్నాం.

అమెరికాలో అలా కాదు. 50 రాష్ట్రాల్లో 43 చోట్ల ఏజీని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అక్కడ మన ముఖ్యమంత్రిలా ప్రభుత్వాన్ని నడిపే గవర్నర్‌కి వేరే ఓటు, ఏజీకి వేరే ఓటు. గవర్నర్ ఒక పార్టీ, ఏజీ ఇంకో పార్టీ అయిన సందర్భాలూ ఉన్నాయి. గవర్నర్‌కి కోపం వచ్చినా ఆ ఏజీని ఇంటికి పంపలేరు. నా దృష్టిలో ఆ ఆఫీసు బలమంతా ఇక్కడే ఉంది. మిగతా ఏడింట్లో న్యూజెర్సీ లాంటి ఐదు రాష్ట్రాల్లో గవర్నర్ నియమిస్తారు, మెయిన్‌లో శాసనసభ ఎన్నుకుంటుంది, టెనెసీలో అయితే రాష్ట్ర సుప్రీంకోర్టే ఎంపిక చేస్తుంది.

జనం ఓటుతో వచ్చే పదవి కాబట్టి అది రాజకీయానికి మెట్టు కూడా. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్, పెన్సిల్వేనియా గవర్నర్ జాష్ షపీరో, మసాచుసెట్స్ గవర్నర్ మౌరా హీలీ ముగ్గురూ ముందు ఏజీలే. మన చెన్నై అమ్మాయి శ్యామల గారి కూతురు కమలా హారిస్ కూడా 2011 నుంచి ఆరేళ్లు కాలిఫోర్నియా ఏజీగా చేశారు.

లోపల ఆఫీసు ఎలా ఉంటుందంటే, పెద్ద లా ఫర్మ్ అనుకోండి. పై కోర్టుల్లో అప్పీళ్లు చూడటానికి సొలిసిటర్ జనరల్ ఉంటారు. రాష్ట్ర శాఖల మీద పడే కేసులు చూసే విభాగం ఒకటి, కన్స్యూమర్ ప్రొటెక్షన్ ఒకటి, పౌరహక్కులు ఒకటి, పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టే మెడికెయిడ్ పథకం డబ్బు కాజేసే ఆస్పత్రులను పట్టుకునే విభాగం ఇంకొకటి. చట్టం మీద ఏదైనా శాఖకు సందేహం వస్తే రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పేదీ వీళ్లే.

పేరు ఒకటే అయినా రాష్ట్రానికీ రాష్ట్రానికీ పని చాలా మారిపోతుంది. న్యూజెర్సీలో స్టేట్ పోలీసులు ఏజీ కిందే ఉంటారు, 21 కౌంటీల ప్రాసిక్యూటర్ల మీద కూడా ఆయనదే అజమాయిషీ. 2023 మార్చిలో పాటర్సన్ నగర పోలీసు శాఖనే ఏజీ ఆఫీసు తన చేతుల్లోకి తీసుకుంది. అదే టెక్సస్‌లో మామూలు క్రిమినల్ కేసులన్నీ స్థానికంగా ఎన్నికైన డిస్ట్రిక్ట్ అటార్నీలు నడుపుతారు. అక్కడి ఏజీ ఆఫీసులో పెద్ద పని ఏంటో తెలుసా? విడిపోయిన తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లల పోషణ ఖర్చు వసూలు చేయడం.

ఇంతమంది ఏజీలు చేతులు కలిపితే ఏమవుతుందో సిగరెట్ కంపెనీలకు తెలుసు. 1994లో మిసిసిపీ ఏజీ మైక్ మూర్ మొదటి కేసు వేశారు. మీ సిగరెట్లు తాగి జబ్బు పడ్డ పేదవాళ్ల వైద్యానికి మా రాష్ట్రం డబ్బు పెట్టింది, అది మీరు కట్టండి అన్నారు. ఎంత సూటి వాదనో చూడండి! నాలుగేళ్లు తిరిగేసరికి, 1998లో, పెద్ద కంపెనీలు 46 రాష్ట్రాలతో ఒప్పందానికి దిగొచ్చాయి. మొదటి 25 ఏళ్లలోనే దాదాపు 20,600 కోట్ల డాలర్లు కట్టాలన్నది అప్పటి లెక్క. మిసిసిపీతో పాటు ఇంకో మూడు రాష్ట్రాలు అంతకుముందే విడిగా తేల్చుకున్నాయి.

మన విద్యార్థులకు బాగా గుర్తుండే సంగతి ఇంకోటి. 2020 జూలైలో, కోవిడ్ టైంలో, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్లు దేశంలో ఉండకూడదని ట్రంప్ ప్రభుత్వం అంది. హార్వర్డ్, ఎంఐటీ కేసు వేశాయి. జూలై 13న మసాచుసెట్స్ ఏజీ ముందుండి 17 రాష్ట్రాలతో మరో కేసు వేయించారు. 14న ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏజీ మీ సొంత లాయరు కాదు. మీ పేరు మీద కోర్టులో వాదించరు. కానీ కంప్లైంట్ తీసుకుంటారు, దానికి ఫీజు ఉండదు. ఇది తెలియక మనవాళ్లు ఎంత డబ్బు వదిలేసుకుంటున్నారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఎంఎస్ చేశాడు. ఇల్లు ఖాళీ చేసి రెండు నెలలైనా ఓనరు డిపాజిట్ తిరిగివ్వలేదు, ఫోన్ ఎత్తడు. న్యూయార్క్ చట్టం ప్రకారం ఖాళీ చేసిన 14 రోజుల్లో ఓనరు లెక్క రాసిచ్చి మిగతా డబ్బు ఇచ్చేయాలి. వాడేమో "పోనీలే అన్నా, వీసా మీద ఉన్నవాణ్ణి, మనకెందుకీ గొడవ" అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఏజీ వెబ్‌సైట్‌లో ఫారం నింపించాను. లీజు కాపీ, డిపాజిట్ కట్టిన చెక్కు ఫొటో, ఖాళీ చేసిన రోజు తీసిన వీడియోలోంచి నాలుగు ఫొటోలు, ఓనరుకి పంపిన మెసేజ్‌లు తేదీల వరసలో. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం ఎక్కడా రాయనివ్వలేదు. ఇలాంటి కంప్లైంట్లు చాలా రాష్ట్రాల్లో బయటివాళ్లు అడిగితే చూపించాల్సిన రికార్డులు, మీరూ రాయకండి.

ఏజీ ఆఫీసు నుంచి ఓనరుకి ఉత్తరం వెళ్లింది, దీనికి మీ సమాధానం ఏమిటని. కొన్ని వారాలకి చెక్కు వచ్చింది. కార్పెట్ క్లీనింగ్‌కని కొంత కోసుకున్నాడు. ఆ రసీదు చూపించమని వాడు మళ్లీ ఉత్తరం రాశాడు. ఈసారి నన్ను అడగలేదు, తనే కూర్చుని రాసుకున్నాడు.