పిల్లోడి గిన్నె నుంచి పెరటి తోట: నాలుగు మంచాలు పట్టే చోటు చాలు

నమస్తే అండీ. వెనక కోళ్ళు అరుస్తున్నాయి, ఏమనుకోకండి. వాటిని గంప కింద మూసి వచ్చాను, ఎందుకు మూశానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పెరటి తోట వీడియోలు మీరు ఇప్పటికే బోలెడు చూసి ఉంటారు, అందరూ మట్టి దగ్గర మొదలుపెడతారు. నేను ఈ గిన్నె దగ్గర మొదలుపెడతాను. ఇది మా చిన్నోడి గిన్నె, వాడికి ఇప్పుడు పదో నెల నడుస్తోంది. ఇందులోకి ఏం కావాలో ముందు లెక్క వేసుకుని, అవే పెరట్లో వేద్దాం. మా పెద్దమ్మాయి అప్పుడు నాకు ఈ తెలివి లేదు. ఆ ఏడు మా పెరడు చూడాలి మీరు, సొరపాదు రేకుల మీదికి పాకింది, బీరకాయలు, వంకాయలు, గోంగూర, వాడకట్టంతా పంచాం, మా అత్తమ్మ సంతకి కూడా పంపింది. సరిగ్గా ఆ నెలలోనే అంగన్వాడీలో పిల్లని తూచి, కార్డులో చుక్క పెట్టి, టీచరమ్మ "మూడు నెలల్నుంచి గీత పైకి లేవట్లేదు, ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగింది.

ఏం పెడుతున్నాను? పొద్దున పాలల్లో ముంచిన బిస్కెట్, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పప్పు మీద తేరిన కట్టు. గోంగూరలో పచ్చిమిర్చి దంచి వేస్తాం, వంకాయలో కారం దట్టిస్తాం, పిల్ల తినలేదు కదా అని పిల్లకి ఆ పలచటి నీళ్ళు. అంత తోట కాసింది గానీ అందులోది ఒక్క ముద్ద కూడా పిల్ల నోట్లోకి పోలేదు.

మా ఒక్క ఇంట్లోనే ఇలా అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 6 నెలలు నిండి 5 ఏళ్ళ లోపు ఉన్న పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 100కి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. గంగవాయిలి కూర ఎవరూ వేయకుండానే చేలల్లో మొలిచే ఊళ్ళండీ మనవి! అంతా ఆకుకూర తినకపోవడం వల్లే అని నేను అనను, నులిపురుగులు ఉంటాయి, కడుపుతో ఉన్నప్పుడే తల్లికి రక్తం తక్కువ ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. కానీ గిన్నెలో ఏం వేస్తామన్నది మాత్రం మన చేతిలో ఉంది.

సరే, గిన్నె లెక్క. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక తల్లిపాలు ఆపకూడదు, రెండేళ్ళ దాకా, ఆపైన కూడా ఇవ్వచ్చు, దానికి తోడు ఈ గిన్నె. మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకి రెండు మూడు సార్లు, మెల్లగా పెంచుకుంటూ పావు లీటరు పట్టే గిన్నెలో సగం దాకా. తొమ్మిదో నెల నుంచి ఆ సగం గిన్నె రోజుకి మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె. వాళ్ళ పొట్ట ఎంత ఉంటుందండీ, ఆ కాస్త చోటుని చారు నీళ్ళతో నింపేస్తే ఇంక తిండికి చోటేది? అందుకే గట్టిగా ఉండాలి. చెంచా పక్కకి వంచితే జారిపోకుండా నిలబడితే సరిపోయినట్టు.

అందులో అన్నమో రాగో జొన్నో ఉండాలి, పప్పు ఉండాలి, గుడ్డు ఉంటే మంచిది, కాస్త నూనో నెయ్యో ఉండాలి. ఇవి వేరే చోటు నుంచి వస్తాయి. మన పెరడు ఇవ్వాల్సింది ఆకు, పసుపు రంగు పండో కాయో, కాస్త పులుపు. అంతే, ఈ మూడిటి కోసమే తోట. అంగన్వాడీలో బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, తప్పకుండా పెట్టండి, కానీ అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి, ఆకు ఉండదు.

ఇప్పుడు ఇటు రండి, చోటు చూపిస్తాను. టేపు పెట్టి కొలవక్కర్లేదు, నాలుగు నులక మంచాలు పక్కపక్కన పట్టే చోటు, ఎండ తగలాలి, బోరింగో నల్లానో దగ్గర్లో ఉండాలి. మూడు మంచాల చోట్లో మూడు మళ్ళు, నాలుగో మంచం చోటు నడవడానికి. మడి వెడల్పు మూడు అడుగులు దాటనివ్వకండి, రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యలోకి అందాలి, లేకపోతే ఆకు కోయడానికి మడిలో కాలు పెడతారు, మట్టి గట్టిపడిపోతుంది. మట్టిని జానెడు లోతు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. బాగా మాగింది అంటున్నాను, పచ్చి పేడ కాదు. పచ్చి పేడ వేడికి లేత మొలకలు మాడతాయి, పైగా కలుపు గింజలు కూడా వచ్చేస్తాయి.

మొన్న తొలకరి పడింది కాబట్టి ఇవాళ మొదటి మడిలో తోటకూర వేస్తున్నాను. విత్తనం చూడండి, ఆవాల కంటే చిన్నది. అలాగే చల్లితే ఒకే చోట గుంపుగా పడుతుంది, అందుకే గుప్పెడు విత్తనానికి నాలుగు గుప్పెళ్ళ పొడి ఇసుక కలిపి, ఇలా ముగ్గు వేసినట్టు వదలాలి. పైన చాలా పలచగా మట్టి, దాని మీద కాస్త ఎండుగడ్డి. మొలక కనిపించగానే గడ్డి తీసేయాలి. నీళ్ళు చెంబుతో కుమ్మరించకండి, విత్తనమంతా ఒక మూలకి కొట్టుకుపోతుంది. ఖాళీ నీళ్ళ బాటిల్ మూతకి మేకుతో చిల్లులు పెట్టాను, ఇదిగో, ఇలా చిన్న జల్లుగా పడాలి.

అయితే మూడు మళ్ళూ ఒకేరోజు వేయకండి! అందరూ చేసే తప్పు అది, నేనూ చేశాను. అన్నీ ఒకేసారి కోతకొస్తాయి, వారం రోజులు ఆకుకూర తిని విసుగొస్తుంది, తర్వాత నెలంతా ఏమీ ఉండదు. ఇవాళ ఒక మడి, పది రోజులకి రెండోది, ఇంకో పది రోజులకి మూడోది. మూడోది మొలిచేసరికి మొదటిది కోతకొస్తుంది, తోటకూర 25 నుంచి 30 రోజుల్లో చేతికొచ్చే పంట. పీకేయకుండా పైపైన తుంచుకుంటే మళ్ళీ చిగురిస్తుంది. మడి గట్ల మీద గోంగూర పెట్టుకోండి, దడి మీదికి తీగ బచ్చలి, చిక్కుడు పాకించండి. చలికాలం వచ్చాక ఇవే మళ్ళల్లో మెంతి, పాలకూర, కొత్తిమీర వేద్దాం. ధనియాలు మాత్రం రెండు బద్దలయ్యేలా రుద్ది వేయాలి, గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టు వేసి మొలవలేదని విత్తనం అమ్మినాయన్ని తిట్టకండి.

కోళ్ళ సంగతి చెప్తానన్నాను కదా. దడి లేకపోతే కోళ్ళు ఒక్క పూటలో మడి మొత్తం గీకి పారేస్తాయి, మేకలైతే అడగనే అక్కర్లేదు. కంప నాటి, దానికి అడుగున పాత చీరలు కట్టాను, చీర అడుగు భాగం మట్టిలో పూడ్చాలి, లేకపోతే కోడిపిల్లలు కింద నుంచి దూరతాయి. దడికి మాకు ఒక పూట పట్టింది, రూపాయి ఖర్చు లేదు.

ఇక చెట్లు. మునగ ఒకటి చాలు. చేతి మందం కొమ్మ నాటినా వస్తుంది, గింజ వేసినా వస్తుంది. ఇంట్లో మునగ ఉండకూడదు, గొంగళ్ళు పడతాయి అంటారు పెద్దవాళ్ళు, గొంగళ్ళ మాట నిజమే, ఒళ్ళంతా దురద. కానీ చెట్టుని ఆకాశానికి పెంచితే ఆ బాధ ఎక్కువ, ఛాతీ ఎత్తులో తల నరికేస్తూ ఉంటే ఆకు చేతికి అందుతుంది, గొంగళి గూడు కట్టినా ముందే కనిపిస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మనకి ఎలాగూ ఆచారం ఉంది, మరి మిగతా పదకొండు నెలలు ఏం పాపం చేశాయి?

బొప్పాయి గింజ వేసేటప్పుడు ఒక గుంతలో మూడు పెట్టండి. కొన్ని పోతు చెట్లవుతాయి, పూస్తాయి కానీ కాయవు, పూత చూశాక పోతువి తీసేయచ్చు. మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళి పడిపోతుంది, కాస్త దిబ్బ మీద పెట్టండి. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే చోట అరటి పెట్టండి, ఆ తడి దానికే ఇష్టం. రేకుల మీదికి గుమ్మడి ఎక్కించండి, దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు, లోపల పసుపుపచ్చగా ఉండే కూర గుమ్మడి. పండిన కాయ కోసి ఇంట్లో పెట్టుకుంటే రెండు మూడు నెలలు చెడిపోదు. దాని రంగులోనే విటమిన్ ఎ ఉంటుంది. పులుపుకి ఒక నిమ్మ, చోటుంటే జామ కూడా.

పురుగు పడితే వేపగింజల కషాయం, లీటరు నీళ్ళకి 50 గ్రాముల గింజల పొడి, రాత్రి నానబెట్టి పొద్దున వడగట్టి, సాయంత్రం పూట కొట్టాలి. ఇక్కడ నాది ఒక దెబ్బ చెప్పాలి. చేనుకి వాడే స్ప్రేయర్ ట్యాంకు ఉంది కదా అని అందులోనే కషాయం పోసి కొట్టాను. అంతకు ముందు వారం మా ఆయన దాంతో గడ్డిమందు కొట్టారు. రెండు రోజులకి మడి మొత్తం ఎండిపోయింది. మడి పోతే పోయింది, ఆకు ఎండకుండా అలాగే ఉండి ఉంటే అది నేను పిల్లకి వండి పెట్టేదాన్ని, అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. చేను ట్యాంకు పెరట్లోకి తేకండి, పురుగుమందు డబ్బా కడిగి నీళ్ళు పోయడానికి వాడకండి. ఎన్నిసార్లు కడిగినా సరే.

ఇప్పుడు వంట, పొయ్యి దగ్గరికి రండి. ఇంట్లో అందరికీ చేసే పప్పే, వేరే వంట ఏమీ పెట్టుకోకండి, రోజూ వేరుగా వండాలంటే నాలుగో రోజు మానేస్తాం. పెసరపప్పు ఉడుకుతుండగా కడిగిన లేత తోటకూర, కాడలు తీసేసి ఆకు మాత్రం వేయాలి. మెత్తబడ్డాక, కారం వేయకముందే, పిల్లోడి వాటా గిన్నెలోకి తీసేయాలి. ఆ తర్వాత మీరు ఎన్ని మిరపకాయలు వేసుకుంటారో మీ ఇష్టం. వాడి వాటాలో అన్నం కలిపి పప్పుగుత్తితో మెదిపి, ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ, పైన నాలుగు చుక్కల నిమ్మరసం. నూనె ఎందుకంటే ఆకులో, గుమ్మడిలో ఉన్న విటమిన్ ఎ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది. నిమ్మ ఎందుకంటే ఆకులో ఉన్న ఐరన్ తొందరగా ఒంటికి పట్టదు, పులుపులో ఉన్న విటమిన్ సి దాన్ని లాగుతుంది. అన్నం తిన్న వెంటనే పిల్లలకి టీ పోసే ఇళ్ళు ఉన్నాయి, నేను చూశాను, ఆ టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఏడాది లోపు ఉప్పు, చక్కెర అవసరం లేదు, తేనె అసలు నాకించకండి. మేం చప్పగా ఉందంటాం, వాడికి చప్పదనం ఏంటో తెలియదు.

ఒక్క విషయం సూటిగా చెప్తాను. ఆకుకూర ఒక్కటే రక్తాన్ని నింపదు. గుడ్డు పెట్టండి, మాంసం తినే ఇల్లయితే కార్జం ముక్క మెత్తగా మెదిపి పెట్టండి, ఆశ కార్యకర్త వారానికి రెండుసార్లు ఇవ్వమనే ఐరన్ సిరప్, 1 మిల్లీలీటరు, అది మానకండి. తొమ్మిదో నెలలో మొదలయ్యే విటమిన్ ఎ చుక్కలు కూడా, తోట ఉంది కదా అని వదిలేయకండి.

ఇంకోటి, తోట ఉన్న ఇంట్లోనే మరీ జాగ్రత్త. పిల్లలు మట్టిలో ఆడతారు, కొంకి పురుగని ఒక రకం నులిపురుగు ఉంది, దాని పిల్లలు మట్టిలోంచి ఉత్త పాదాల గుండా ఒంట్లోకి పోతాయి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. మనం గిన్నెలో పెట్టింది అవి లాగేస్తాయి. పెరట్లోకి చెప్పులు వేసి పంపండి, పిల్లల దొడ్డి మళ్ళ దగ్గర పారేయకండి, తినిపించే ముందు వాడి చేతులు, మీ చేతులు సబ్బుతో కడగండి. ఏడాది దాటిన పిల్లలకి ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించండి.

ఇదిగో లేచాడు. చూస్తున్నారుగా, మొదటి చెంచా ఉమ్మేశాడు. నిన్నా ఉమ్మేశాడు. మూతి ముడిచాడని మానేయకండి, ఒక కొత్త రుచి అలవాటవడానికి పది సార్లు పెట్టాల్సి రావచ్చు, ఇవాళ్టికి ఇది ఐదోసారి. పది రోజులకి రెండో మడి వేసేటప్పుడు మళ్ళీ కెమెరా పెడతాను, అప్పటికి తింటున్నాడో లేదో అది కూడా చూపిస్తా. ఇప్పుడైతే కోళ్ళని వదలాలి, ఉంటానండీ.