వలస పక్షులు ఊరు దాటే వేళ

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి దాటితే మన పేపర్లలో పక్షుల ఫొటోలు తగ్గిపోతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండగ ముగుస్తుంది. బడిపిల్లల బస్సులు పులికాట్ నుంచి వెనక్కి వెళ్లిపోతాయి. వలస పక్షుల ఊసు మళ్లీ చలి మొదలయ్యేదాకా ఎవరూ ఎత్తరు. నన్నడిగితే, అసలు సీజన్ అప్పుడే మొదలవుతుంది. శివరాత్రి నుంచి రోళ్లు పగిలే ఎండలు వచ్చేలోపు, మన చెరువుల మీద, పొలాల మీద, సముద్రం ఒడ్డున జరిగేదంతా ప్రయాణాల హడావిడే. వచ్చిన పక్షులకు స్వాగతం చెప్పే అలవాటు మనకుంది, సాగనంపే అలవాటే లేదు.

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి చెట్ల మీదకు పెలికాన్లు, అదే మన గూడబాతులు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి వాలతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఊళ్లోవాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. అదే జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. అక్కడికి వచ్చేవి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు. అవి తొలకరికి వచ్చి చలికాలంలో వెళ్లిపోతాయి. ఒకే జిల్లా, రెండు ఊళ్లు, రెండు వేర్వేరు కాలాలు. కానీ రెండుచోట్లా ఎవర్ని అడిగినా "సైబీరియా పక్షులండీ" అనే అంటారు. టీవీవాళ్లూ అదే అంటారు. నిజానికి ఆ మూడింటిలో ఒక్కటి కూడా సైబీరియా ముఖం చూసినది కాదు. మచ్చల ముక్కు పెలికాన్, పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ దక్షిణాసియాలోనూ, ఆగ్నేయాసియాలో కొన్నిచోట్లా బతికే పక్షులు. నీళ్లు, చేపలు, నత్తలు ఎక్కడుంటే అక్కడికి మారుతూ తిరుగుతాయి. మన దగ్గర గుడ్లు పెడుతున్నాయంటేనే వాటి పుట్టిల్లు ఇదే అని అర్థం. నేలపట్టులో కణప చెట్ల మీదైనా, కొల్లేరు ఒడ్డున ఆటపాకలో వాటి కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదైనా, గూడు కట్టిన పెలికాన్ మన ఊరి పక్షే.

మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి ఏవి? మనం తలతిప్పి కూడా చూడనివి. చెరువు అంచున బురదలో పరిగెత్తుతూ, ముక్కుతో పొడుచుకుంటూ తిరిగే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలుంటాయి కదా, వాటిలో కర్ల్యూ శాండ్‌పైపర్ అని ఒకటుంది. బరువు సుమారు 60 గ్రాములు. ముక్కు నల్లగా, సన్నగా, కొసన కాస్త కిందికి వంగి ఉంటుంది. చలికాలమంతా బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట. దాన్ని చూసి ఎవరూ ఫోన్ తీయరు. అది గుడ్లు పెట్టేది ఉత్తర సైబీరియాలో, ఆర్కిటిక్ మహాసముద్రం ఒడ్డున, చెట్టన్నది మొలవని టండ్రా నేల మీద.

ఏప్రిల్ రెండో వారంలో పులికాట్ దగ్గరో, కాకినాడ తీరంలోనో ఇదే పిట్టను చూడండి. గుర్తుపట్టలేరు. ముఖం, మెడ, రొమ్ము, పొట్ట అంతా ఇటుక రంగు. కొన్నింటికి సగం మార్పే జరిగి ఉంటుంది. బూడిద ఈకల మధ్య ఎర్ర ఈకలు అతుకులు వేసినట్టు కనిపిస్తాయి. పెళ్లికి బయల్దేరే ముందు బట్టలు ఇక్కడే మార్చుకుంటోందన్న మాట. బంగారు ప్లోవర్ అనే ఇంకో పిట్టది మరీ విడ్డూరం. ఫిబ్రవరిలో మట్టిపెళ్లల మధ్య మట్టిపెళ్లలా కూర్చుంటుంది. ఏప్రిల్‌కల్లా ముఖం నుంచి పొట్ట దాకా కాటుక నలుపు, దాని అంచు వెంట తెల్లటి పట్టీ, వీపు మీద బంగారు చుక్కలు. తోకాడిస్తూ గట్ల మీద నడిచే వాగ్‌టెయిళ్లలో సిట్రీన్ అనే రకం మగపిట్టకు తలంతా నిమ్మపండు పసుపు వస్తుంది. ఇవన్నీ జనవరిలో రంగు లేని పక్షులు. జనవరి పండక్కి వెళ్లి "ఏముందండీ, ఫ్లెమింగోలు తప్ప" అని పెదవి విరిచినవాళ్లు ఏప్రిల్లో ఒకసారి వెళ్లాలి.

ఆ రంగు మారాలనీ, బయల్దేరాలనీ పక్షికి ఎలా తెలుస్తుంది? పగటి పొద్దును బట్టి. హైదరాబాదులో ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్ద పగలు 13 గంటలు. మనకు పట్టని ఆ కొద్ది తేడాను పక్షి శరీరం పట్టుకుంటుంది. దానికితోడు లోపల ఏడాది లెక్క చూసుకునే గడియారం ఒకటి ఉంటుంది. రెండూ కలిసి హార్మోన్లను కదిలిస్తాయి. ఆకలి పెరుగుతుంది. రాత్రీ పగలూ తిండే తిండి. ఉల్లంకి జాతుల్లో కొన్ని, బయల్దేరే నాటికి దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. ఆ కొవ్వే వాటికి దారిబత్తెం. దారి కనిపెట్టడానికి సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి మూడూ పనికొస్తాయి. వీటిలో చాలా పక్షులు రాత్రిపూటే ఎగురుతాయి కాబట్టి మనం పడుకున్నాక మన డాబాల మీదుగానే వెళ్లిపోతుంటాయి.

ఆ తిండి దొరికే చోటు గురించి ఒక మాట చెప్పాలి. చెరువు ఎండిపోతోందంటే మనకు దిగులు. బాతులకూ దిగులే. సూదితోక బాతులు, గరిటె ముక్కు బాతులు నీళ్లు తగ్గగానే సర్దుకుంటాయి. కానీ నీరు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే బురద ఉందే, అది ఉల్లంకి పిట్టలకు విస్తరి వేసినట్టే. పురుగులు, గుల్లలు, నాచు మధ్య కదిలే లార్వాలు, అన్నీ ముక్కుకు అందే లోతులో ఉంటాయి. అందుకే మార్చిలో సగం ఎండిన మామూలు ఊరచెరువు కూడా పక్షులు చూసేవాళ్లకు మంచి చోటు. దాన్ని "ఎలాగూ ఎండింది కదా" అని పూడికమట్టి లారీలకు అప్పగించేది, చెత్త పోసేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. చెరువంటే నిండా నీళ్లుండటమే అనుకునే మన సుందరీకరణ పనుల్లో, చుట్టూ రాతిగోడ కట్టి, అంచుల్లో బురదన్నది లేకుండా చేస్తున్నారు. వాకింగ్‌కు బాగుంటుంది, ఒప్పుకుంటాను. పిట్టకు మాత్రం నిలబడే చోటు పోతుంది.

పెద్ద ప్రయాణికుల్లో పేరున్నది బార్ హెడెడ్ గూస్. తెల్లటి తల మీద అడ్డంగా రెండు నల్ల పట్టీలు ఉండే పెద్దబాతు. చలికాలంలో మన చెరువుల మీద, కోసిన వరిచేలల్లో గుంపులుగా మేస్తుంది. మార్చిలో బయల్దేరి హిమాలయాలు దాటి టిబెట్ పీఠభూమికి, మంగోలియాకు పోతుంది. శాస్త్రవేత్తలు వీటికి జీపీఎస్ పరికరాలు కట్టి చూస్తే 7290 మీటర్ల ఎత్తున ఎగిరిన పక్షి ఒకటి నమోదైంది. అంత ఎత్తులో మనకైతే నాలుగడుగులు వేయడానికే ఆయాసం. దీని రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు బాతుల కంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అయినా ఇది ఎప్పుడూ అంత ఎత్తునే పోదు. కొండ లేచినచోట లేస్తుంది, లోయ వచ్చినచోట దిగుతుంది. ఎక్కిన ఎత్తు వదులుకుని మళ్లీ ఎక్కడం దండగలా కనిపిస్తుంది గానీ, పలచటి గాలిలో ఊరికే ఎత్తున ఎగరడం కంటే అదే తక్కువ ఖర్చని పరిశోధనల్లో తేలింది. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా ఇలాంటి పక్షులన్నీ వాడే ఈ దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. 30 దేశాల మీదుగా పోతుంది. వాటిలో మనదొకటి.

నాకు మాత్రం వసంతం అంటే గులాబీ గోరింకే. ఇంగ్లీషువాళ్లు రోజీ స్టార్లింగ్ అంటారు. గోరింకంతే ఉంటుంది. తల, రెక్కలు, తోక నలుపు, ఒళ్లు గులాబీ రంగు, నెత్తిన జుట్టు. ఆగస్టుకల్లా వచ్చే గుంపులు మురికిగా, వెలిసిపోయినట్టుంటాయి. కొత్త ఈకల అంచులు మట్టిరంగులో ఉండటం వల్ల అలా కనిపిస్తాయి. చలికాలమంతా ఆ అంచులు అరిగిపోతాయి. ఏప్రిల్ నాటికి కింద ఉన్న నలుపు, గులాబీ బయటపడతాయి. ఉల్లంకి పిట్ట కొత్త ఈకలు వేసుకుంటే, ఇది పాత ఈకల్నే అరగదీసుకుని అందంగా తయారవుతుంది.

మోదుగ చెట్టు ఆకులన్నీ రాల్చి నిప్పుకణికల్లా పూసినప్పుడు దాని కింద పది నిమిషాలు నిలబడి చూడండి. ఈ గోరింకలు పువ్వులో ముక్కు పెట్టి తేనె తాగుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఒకటే గోల. నుదుటి మీద పుప్పొడి పసుపు బొట్టులా అంటుకుని ఉంటుంది. బూరుగ పువ్వులు, రావి పళ్లు, మర్రి పళ్లు, ఏదీ వదలవు. సాయంత్రం గూటికి చేరే ముందు వేలకొద్దీ పక్షులు ఆకాశంలో ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు మళ్లుతాయి. హైదరాబాదు శివారు చెరువుల దగ్గర కూడా ఈ గుంపులు కనిపిస్తాయి.

జొన్నరైతును అడిగితే మాత్రం వేరే కథ చెబుతాడు. పాలకంకి మీద ఈ గుంపు వాలిందంటే మంచె మీద వడిసెల తిప్పి తిప్పి భుజాలు పడిపోవాల్సిందే. ఇదే పక్షి ఏప్రిల్ చివర్లో మనల్ని వదిలి మధ్య ఆసియాకు పోతుంది. అక్కడ పిల్లలకు మిడతల్ని మేపుతుంది. చైనాలోని షింజియాంగ్‌లో మిడతల బెడద తగ్గిస్తుందని దీనికోసం రాళ్లతో గూళ్లు కట్టించి పెడతారు. ఇక్కడ దొంగ, అక్కడ కాపలాదారు. గూడు, పిల్లలు అన్నీ మూడు నెలల్లో ముగించుకుని, మన దగ్గర వానలు పడుతుండగానే తిరిగి వచ్చేస్తుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు మన చెట్ల మీదే గడిపేదాన్ని విదేశీ అతిథి అనడం నాకైతే సబబుగా తోచదు.

దూరదేశాలకు కాక, దేశంలోనే తిరిగేవీ ఉన్నాయి. కాకినాడ తీరంలో, కోరింగ మడ అడవుల అవతల ఇసుక మేటల మీద చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు ఉంటాయి. నారింజ రంగు ముక్కు. కింది దవడ పై దవడ కంటే పొడవు. నోరు తెరిచి, కింది దవడతో నీళ్లను కోసుకుంటూ ఎగురుతుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. ఎండలు ముదిరేసరికి ఇవి చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడుతుంటాయి. ఇక కోకిల సంగతి. ఉగాదికి ఎక్కడి నుంచో వచ్చిందనుకుంటాం. అది ఎక్కడికీ పోలేదు. చలికాలమంతా మన చింతచెట్టులోనే నోరు మూసుకుని కూర్చుంది. కాకులు గూళ్లు కట్టే రోజులు దగ్గరపడ్డాయని ఇప్పుడు నోరు విప్పింది.

చూడాలనుకునేవాళ్లకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మామూలు బైనాక్యులర్స్, ఒక నోటుబుక్కు చాలు. ఫోన్లో ఈబర్డ్ యాప్ ఉంటే చూసినవన్నీ అందులో ఎక్కించవచ్చు. కూత విని పేరు సూచించే మెర్లిన్ యాప్ కూడా ఉంది, కానీ అది చెప్పిందల్లా నమ్మకండి, కళ్లతో సరిచూసుకోండి. ఈ కాలంలో రాయడానికి కష్టమైనది ఆఖరి తేదీ. మొదటిసారి వాగ్‌టెయిల్ కనిపించిన రోజు మీకు వెంటనే తెలుస్తుంది. ఆఖరిసారి కనిపించిన రోజున మాత్రం అదే ఆఖరిసారని తెలియదు. అందుకే కనిపించిన ప్రతిరోజూ, కనిపించని రోజు కూడా, రాసుకోవాలి. ఇలా రాసేవాళ్లు మన జిల్లాల్లో తక్కువ. ఉన్నవాళ్లు కూడా జనవరిలోనే ఎక్కువ రాస్తారు.

చివరగా, ఏప్రిల్, మే నెలల్లో మీ ఇంటికే రాగల ఒక ప్రయాణికుడి సంగతి. పొన్నంకి పిట్ట. ఆకుపచ్చ వీపు, గోధుమ రంగు పొట్ట, తోక కింద ఎరుపు, కళ్ల మీదుగా నల్లటి పట్టీ, రెక్క మీద మెరిసే నీలం, పొట్టి తోక. చలికాలం దక్షిణాన, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు గుడ్లు పెట్టడానికి ఉత్తరాదికి, మధ్యభారతం అడవులకు వెళుతుంది. రాత్రి ప్రయాణంలో అలసిపోయి, దీపాల వెలుగుకు దారి తప్పి, తెల్లారేసరికి బాల్కనీలోనో, వరండాలోనో కూలబడి కనిపిస్తుంది. రంగులు చూసి ఎవరో పెంచుకునే పిట్ట తప్పించుకుందనుకుంటారు. పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, మెత్తటి గుడ్డ మీద, పిల్లులకు, పిల్లలకు దూరంగా చీకట్లో ఉంచండి. రెక్క విరగకపోతే సాయంత్రానికి తేరుకుంటుంది. పొద్దు వాలాక చెట్లున్న చోట పెట్టె మూత తీసి పక్కకు జరగండి. దెబ్బ తగిలినట్టుంటే అటవీశాఖవాళ్లకు కబురు చేయండి. ఆ రాత్రికి బాల్కనీ లైటు ఆర్పేయండి, వెనక ఇంకోటి వస్తుండవచ్చు.

నమస్కారం.