ఎపిసోడ్ 48: పదమూడు, సున్నా

గౌరి: నమస్తే అండీ. ఈసారి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. యాంటీబాడీకి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి ఎముక మూలుగలోకి పంపే వైద్యం. వాసన్నా, భీమవరం ఊసెత్తకూడదు.

వాసు: ఇంకా నోరే తెరవలేదు కదమ్మా!

గౌరి: తెరిస్తే అదేగా. పులస ఎపిసోడ్ మెయిళ్ళే ఇంకా ఆగలేదు.

వాసు: సర్లే. మూలుగ మార్పిడికి ముందు ఒళ్ళంతా రేడియేషన్ కొడతారుగా, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు.

గౌరి: చాలావరకు దానికి బదులే ఇది. తెల్లకణాల మీద సీడీ45 అని ఓ గుర్తుంటుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీకి అయొడిన్-131 అంటిస్తారు. పేగులూ ఊపిరితిత్తుల మీద దెబ్బ తగ్గుతుంది. మూలుగ మాత్రం మంచీ చెడూ మొత్తం పోతుంది. ఆ తర్వాత దాత కణాలు ఎక్కిస్తారు.

వాసు: మా పిన్నికి థైరాయిడ్‌కి ఇచ్చింది అదేనా?

గౌరి: అదే. ఇక్కడ డోసు చాలా ఎక్కువ.

వాసు: ఒంట్లో రేడియేషన్ ఉంటుందని, ఇడ్లీ పొట్లం గుమ్మంలో పెట్టి వెనక్కి జరగమన్నారు. లోపల్నుంచి "చట్నీ ఏదిరా" అని ఒకటే కేక! (నవ్వులు) ఇంతకీ ఇది పనిచేసిందా?

గౌరి: సియెర్రా అని ట్రయల్ జరిగింది. 55, ఆపై వయసువాళ్ళు, మందులకి లొంగని ఏఎంఎల్ అనే రకం లుకేమియా, 153 మంది. చీటీ వేసినట్టు రెండు వైపులుగా పంచారు. అయొడిన్ వైపు 76 మందిలో 13 మందికి ఆర్నెల్లు జబ్బు తిరగబెట్టలేదు. మామూలు మందులిచ్చిన అవతలివైపు ఒక్కరూ లేరు.

వాసు: ఇంకేం!

గౌరి: 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఆయుష్షు పెరిగిందని తేలాలి, ఇంకో ట్రయల్ చేయమంది.

వాసు: అన్యాయం. పదమూడు, సున్నా!

గౌరి: అవతలివాళ్ళకి మామూలు మందు పనిచేయకపోతే ఇటు మారొచ్చన్నారు. సగం మందికి పైగా మారారు. ఇక ఎవరు దేనివల్ల బతికారో ఎలా తేలుస్తావు?

వాసు: మారనివ్వకపోతే?

గౌరి: లెక్క తేలేది.

వాసు: మనిషి పోయేవాడు.

గౌరి: ...అవును.

వాసు: చీటీలో మా పిన్ని అవతలివైపు పడిందనుకో. మారొద్దంటావా?

గౌరి: అనను. నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తాను. ఆ లెక్కని మాత్రం ఒప్పుకోను.

వాసు: రెండు నాలుకలు.

గౌరి: అనుకో. అయొడిన్‌కి బదులు వాడి చూస్తున్న ఇంకో రేడియోధార్మిక పదార్థం ఆక్టీనియం-225 గురించి కూడా చెప్పాలి. దాని ఆల్ఫా రేణువు ఒంట్లో కొద్ది జీవకణాల దూరం దాటి పోదు, అందుకని...

వాసు: బోస్టన్ డాక్టరు ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందికి మెరుగైందని 1948లో రాశాడు. అప్పుడు అవతలివైపంటూ ఎవరూ లేరు. ఆ మందు ఎవరి ల్యాబ్‌లో పుట్టింది?

గౌరి: వచ్చేసిందండీ భీమవరం.

వాసు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ల్యాబ్‌లో!

గౌరి: ఆ పిల్లలకి మళ్ళీ తిరగబెట్టిందని కూడా చెప్పు.

వాసు: పన్నెండో ఎపిసోడ్‌లో చెప్పాగా.

గౌరి: చెప్పలేదు.

వాసు: చెప్పాను.

గౌరి: పెట్టి చూద్దామా? ముందు ఆ పల్లీలు మైకు దగ్గర్నుంచి తియ్యి.