రాతప్రతి నుంచి ఈబుక్ దాకా: గూగుల్ డాక్స్‌తో ఈపబ్ తయారీ

నమస్కారమండీ. మీ పుస్తకం రాయడం పూర్తయింది. వర్డ్‌లోనో, గూగుల్ డాక్స్‌లోనో ఫైలు సిద్ధంగా ఉంది. దాన్ని ఫోన్లో, ట్యాబ్‌లో, కిండిల్లో హాయిగా చదువుకునేలా ఈబుక్‌గా మార్చాలి. ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఇప్పుడు మీ ముందే చేసి చూపిస్తాను. ఖర్చేమీ లేదు. బ్రౌజరు, ఒక గూగుల్ అకౌంటు ఉంటే చాలు. చివర్లో ఒక్క పనికి మాత్రం కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్లో పెట్టుకోవాలి.

మార్చడం ఒక్క క్లిక్కుతో అయిపోతుంది. శ్రమంతా ఆ క్లిక్కుకి ముందే ఉంటుంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు ఫైలు సర్దడం దగ్గరే ఆగుతాను. ఆ భాగాన్ని దాటేయకండి, దయచేసి.

ఈబుక్‌ల కోసం వాడే ఫైలు ఫార్మాట్ పేరే ఈపబ్. ముందు దాని లోపల ఏముంటుందో చూద్దాం. ఇదిగో, నా దగ్గరున్న ఒక ఈపబ్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరుస్తున్నాను. చూశారా? వెబ్ పేజీల్లాంటి ఫైళ్లు, బొమ్మలు, అక్షరాలు ఎలా కనిపించాలో చెప్పే ఒక స్టైల్ ఫైలు, విషయసూచిక. ఒక చిన్న వెబ్‌సైటును మూట కట్టినట్టు ఉంది కదా. ఇందులో స్థిరమైన పేజీ అంటూ ఉండదు. చదివేవాళ్లు అక్షరాన్ని పెద్దది చేసుకుంటే వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి. పీడీఎఫ్‌కి ఆ వీలు లేదు. ఫోన్లో దాన్ని పెద్దది చేసి, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాల్సిందే.

కిండిల్ సంగతి చాలామంది అడుగుతుంటారు. ఇదివరకు కిండిల్ కోసం మోబీ అని వేరే ఫార్మాట్ చేసేవాళ్లం. 2022 నుంచి సెండ్ టు కిండిల్, అంటే మన ఫైళ్లను కిండిల్‌కి పంపుకునే అమెజాన్ సదుపాయం, ఈపబ్‌నే తీసుకుంటోంది. కాబట్టి ఒక్క ఈపబ్‌ని బాగా చేసుకోండి, చాలు.

ఇక మన ఫైలుకి వద్దాం. మొట్టమొదట చూడాల్సింది మీ తెలుగు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలో, ఉందా, లేదా అని. డీటీపీలో అను ఫాంట్లతో టైపు చేయించిన ఫైళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఆ ఫాంటు తీసేస్తే అసలు రూపం బయటపడుతుంది. పరీక్ష చాలా తేలిక. నాలుగు వాక్యాలు కాపీ చేసి, ఫోన్లో మీకు మీరే మెసేజ్ పంపుకోండి. తెలుగు తెలుగులాగే వస్తే నిశ్చింతగా ముందుకెళ్లవచ్చు. గజిబిజిగా వస్తే ముందు దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవాలి, ఎందుకంటే కొన్ని వత్తులు, సంయుక్తాక్షరాలు తప్పుగా మారే అవకాశం ఉంది.

పీడీఎఫ్ నుంచి నేరుగా ఈపబ్ చేసుకోవచ్చు కదా అంటారేమో. నా సలహా, వద్దు. ప్రతి పేజీ కింద ఉన్న నంబరు, పైన ఉన్న పుస్తకం పేరు వాక్యం మధ్యలోకి వచ్చి పడతాయి. పేరాలు ఎక్కడపడితే అక్కడ తెగిపోతాయి. తెలుగులోనైతే గుణింతాలే తారుమారవుతాయి. అసలు టైపు చేసిన ఫైలు ఎలాగైనా సంపాదించండి. ప్రెస్సు వాళ్ల దగ్గర ఉంటే అడిగి తీసుకోండి.

సరే, వర్డ్ ఫైలుని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌లో తెరిచాను. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కుతున్నాను. మామూలుగా కనిపించని గుర్తులన్నీ కనిపిస్తున్నాయి. ఎంటర్ ఎక్కడ కొట్టామో, ట్యాబ్ ఎక్కడ వాడామో, స్పేస్‌లు ఎన్ని పెట్టామో అంతా బయటపడింది.

ఇక్కడ చూడండి. అధ్యాయం అయిపోయాక కొత్త అధ్యాయం తర్వాతి పేజీలో మొదలవ్వాలని వరసగా పద్నాలుగు ఎంటర్లు కొట్టి ఉన్నాయి. నా మొదటి పుస్తకానికి నేను చేసిందీ ఇదే. కంప్యూటర్లో బాగానే కనిపించింది. ఒక స్నేహితురాలు ఫోన్లో తెరిస్తే ప్రతి అధ్యాయం ముందూ తెర ఖాళీగా ఉందట. పుస్తకం అక్కడితో అయిపోయిందనుకుని మూసేసింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అంత కష్టపడి రాసింది చదివేవాళ్లకి చేరకుండా అడ్డుపడింది ఖాళీ లైన్లే. అందుకే ఆ ఎంటర్లన్నీ తీసేయండి. వాటి బదులు, కర్సర్‌ని అధ్యాయం పేరు ముందు పెట్టి కంట్రోల్ ఎంటర్ నొక్కండి. అది పేజ్ బ్రేక్.

పేరా మొదట్లో జాగా కోసం ట్యాబ్‌లు, స్పేస్‌లు వాడి ఉంటే అవీ తీసేయాలి. కంట్రోల్ హెచ్ నొక్కి, రెండు స్పేస్‌లు ఉన్నచోట ఒకటి వచ్చేలా మార్చండి. ఇంకేమీ దొరకలేదు అనేదాకా మళ్లీ మళ్లీ చేయండి. ఆ తర్వాత పేరాలను సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో ఇండెంటేషన్ ఆప్షన్స్‌కి వెళ్లి, ఫస్ట్ లైన్ ఎంచుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, శీర్షికలు. అధ్యాయం పేరును బోల్డ్ చేసి, సైజు పెంచితే మన కంటికి అది శీర్షికే. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అదీ ఒక మామూలు పేరానే, కాస్త లావుగా ఉంది, అంతే. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కండి. హెడింగ్ 1 అయింది. ఎడమవైపు చూడండి, ఆ పేరు అవుట్‌లైన్‌లోకి వచ్చేసింది. ప్రతి అధ్యాయానికీ ఇలాగే చేయండి. ముందుమాటకీ, అంకితానికీ కూడా. అధ్యాయం లోపల ఉపశీర్షికలుంటే కంట్రోల్, ఆల్ట్, 2. ఈబుక్‌లో విషయసూచిక తయారయ్యేది వీటితోనే. పాఠకుడు అధ్యాయం పేరు తాకగానే అక్కడికి వెళ్లగలుగుతున్నాడంటే ఈ పని సరిగ్గా జరిగినట్టు. మీరు చేత్తో టైపు చేసిన పాత విషయసూచిక, పక్కన పేజీ నంబర్లతో ఉంటుందే, దాన్ని తీసేయండి. పేజీలే లేనప్పుడు ఆ నంబర్లకి అర్థం లేదు.

కవితలు, పద్యాలు ఉన్నవాళ్లు ఒక్క నిమిషం. పాదం చివర ఎంటర్ కొడితే ప్రతి పాదమూ వేరే పేరా అయిపోతుంది, మధ్యలో జాగా వచ్చేస్తుంది. పాదానికీ పాదానికీ మధ్య షిఫ్ట్ ఎంటర్ వాడండి. పద్యం మొత్తం పూర్తయ్యాకే ఎంటర్. పొడుగు పాదాలు చిన్న తెర మీద విరగక తప్పదు, ఎంత చేసినా ఆపలేం. కానీ పద్యం మొత్తం ఒక్కచోట ఉంటే ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో చదివేవాళ్లకి తెలుస్తుంది.

బొమ్మలుంటే వాటిని ఇన్ లైన్‌గా పెట్టండి, చుట్టూ అక్షరాలు అల్లుకునే పద్ధతి వద్దు. పట్టికలు వీలైనంత తగ్గించండి. ఫుట్‌నోట్‌లు చేత్తో నక్షత్రం గుర్తు పెట్టి రాయకుండా ఇన్సర్ట్ మెనూలోంచే చేర్చండి.

ఇక ఆ క్లిక్కు. ఫైల్, డౌన్‌లోడ్, ఈపబ్ పబ్లికేషన్. అయిపోయింది, ఫైలు వచ్చేసింది.

వర్డ్ ఫైలు తీసుకుని మార్చిచ్చే ఆన్‌లైన్ కన్వర్టర్లు కూడా ఉన్నాయి, ఉదాహరణకి క్లౌడ్‌కన్వర్ట్. కానీ ఇంకా ప్రచురించని పుస్తకాన్ని ఊరూ పేరూ తెలియని సైట్లలోకి ఎక్కించకండి. ఎక్కించిన ఫైలుని ఎన్నాళ్లు ఉంచుకుంటారో వాళ్ల ప్రైవసీ పేజీలో చదివాకే ముందుకెళ్లండి.

గూగుల్ డాక్స్‌లో ముఖచిత్రం, రచయిత పేరు పెట్టే చోటు లేదు. కాలిబర్ అందుకే. ఈపబ్‌ని అందులోకి లాగి వదిలి, ఎడిట్ మెటాడేటా నొక్కండి. పుస్తకం పేరు, రచయిత పేరు, భాష దగ్గర తెలుగు, ముఖచిత్రం. బొమ్మ 1600 పిక్సెళ్ల వెడల్పు, 2560 పిక్సెళ్ల ఎత్తు ఉంటే మంచిది, అమెజాన్ సూచించే కొలత కూడా అదే. ఓకే నొక్కాక సేవ్ టు డిస్క్ చేయండి. మర్చిపోవద్దు, మీరు ఎక్కించిన వివరాలన్నీ ఫైల్లోకి చేరేది అప్పుడే.

ఎవరికీ పంపకముందు ఆ ఫైలుని ఫోన్లో తెరవండి. అక్షరాలను బాగా పెద్దవి చేసి నాలుగు పేజీలు చదవండి. నల్ల తెర మోడ్ పెట్టి చూడండి. మీరు పాఠంలో నలుపు రంగు ప్రత్యేకంగా పెట్టి ఉంటే, కొన్ని యాప్‌లలో అక్కడ అక్షరాలు మాయమవుతాయి. విషయసూచికలో ప్రతి పేరూ తాకి చూడండి. తెలుగుకి ఇంకో పరీక్ష ఉంది. "ప్రింట్‌లో" లాంటి మాటలు వెతకండి. ట, ల విడిగా ఉండటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. మార్పిడిలో అది పోతే ల వచ్చి ట కింద వత్తుగా చేరుతుంది. వీలైతే రెండు వేర్వేరు యాప్‌లలో చూడండి, ఎందుకంటే ఒక్కో యాప్ తెలుగుకి ఒక్కో ఫాంటు వాడుతుంది.

తప్పు కనిపిస్తే ఈపబ్‌లో దిద్దకండి. గూగుల్ డాక్స్‌లోనే దిద్ది, మళ్లీ డౌన్‌లోడ్ చేసి, కాలిబర్ పని మళ్లీ చేయండి. రెండో ముద్రణ వేయాల్సి వచ్చిన రోజున అన్ని దిద్దుబాట్లూ ఉన్న ఫైలు ఒకే చోట మీ చేతిలో ఉంటుంది.